కొమ్మ పెట్టిన మూట

పోయిన వారం ఖానాపురం హవేలి నుంచి షేర్ ఆటోలో ఖమ్మం వెళ్లి, కొత్తగా తెరిచిన బట్టల మాల్‌లో మనవరాలికి పరికిణీ గుడ్డ చూస్తుంటే, పాటల మధ్యలో మైకులో ఒక ఆడపిల్ల గొంతు, ఎవరిదో తెలియని సంచి కనబడితే ముట్టుకోవద్దనీ, వెంటనే సిబ్బందికి చెప్పాలనీ తీయగా హెచ్చరించింది. చుట్టూ ఎవరూ తల కూడా ఎత్తలేదు. నాకు మాత్రం ఇక గుడ్డల రంగులు కంటికి ఆనలేదు. ఎప్పుడో పోయిన మా మేనమామ, ఆయన దుకాణం అరుగు కళ్లముందుకు వచ్చాయి.

నేను విలేకరిగా చేరిన కొత్తలో ఉదయం పూట నా మకాం ఆ అరుగే. పాత బజారులో లుంగీలు, తువ్వాళ్లు, ముతక చీరలు అమ్మే చిన్న దుకాణం మామది. మన ఈడువాళ్లకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. భద్రాచలం వైపు అడవి పల్లెల నుంచి తొలి బస్సుకు దిగిన కోయ ఆడవాళ్లు తమ మూటలు అరుగు మీద దించి, ముడిలో ఒక పచ్చి కొమ్మ గుచ్చి, ఎవరికీ చెప్పకుండానే సంతకో దవాఖానాకో వెళ్లిపోయేవారు. అడవిలో ఏరిన ఇప్పపువ్వు కుప్ప మీద, కట్టెల మోపు మీద కొమ్మ పెడితే దానికి మనిషి ఉన్నట్టు, ఇంకెవరూ ముట్టరు. ఆ కట్టుబాటునే వాళ్లు మా బజారుకు తెచ్చారు, బజారూ దాన్ని మన్నించింది. సాయంత్రం దాకా ఆ మూటలు అలా ఉండేవి, కొమ్మలు వాడిపోయేవి తప్ప ముడులు కదిలేవి కావు.

వాళ్లలో ఒక పెద్దామెను మామ అక్కా అని పిలిచేవాడు. రాజధాని పట్నంలో పేలుళ్ల దృశ్యాలు టీవీల్లో పగలంతా తిరుగుతున్న ఒక ఎండాకాలం చివర, ఆమె ఎప్పటిలాగే మూట పెట్టి, దవాఖానాలో ఉన్న తోటికోడలిని చూడటానికి వెళ్లింది. అందులో ఉన్నది విత్తనమని మాకు తర్వాత తెలిసింది. ముదిగొండ దగ్గర కాస్త చెలక కౌలుకు పట్టిన కూతురికి ఇవ్వడానికి, తన అత్తల కాలం నుంచి ఇంట్లో దాచుకుంటూ వచ్చిన పచ్చజొన్న. ముందటేడు వానలకు చేను పోగా మిగిలింది ఆ మూటెడే.

ఎండ ఎక్కే వేళకు, కొత్తగా ఊరికి వచ్చిన వాళ్లెవరో ఆ మూటను చూసి పోలీసులకు ఫోను చేశారు. చూస్తుండగానే బజారు సగం మూతపడింది, మిగిలిన సగం వింత చూడటానికి నిలబడింది. ఎదురుగా టీ కొట్టు నడిపే ఆయన అంత భయంలోనూ ఊరుకోలేదు. "సావుకారీ, ఉన్నయే నాలుగు లుంగీలాయె, నీ దుకాణానికి బాంబు ఎవడు పెడతడయ్యా!" అని అరిచాడు. జనం నవ్వారు కానీ అడుగు ముందుకు వేయలేదు.

"అవ్ సారూ, గది మా అక్క మూట. కొమ్మ ఉన్నది సూడుండ్రి," అన్నాడు మామ ఎస్సైతో.

"మూటకు కొమ్మ గిట్ల ఎవలన్న పెడతరా? గది సైగ కావచ్చు," అని వెనక నుంచి ఎవరో అందుకున్నారు.

ఎస్సై చెడ్డవాడేం కాదు, కుర్రవాడు, అతనికీ చెమటలు పడుతున్నాయి. "ఆమె పెట్టంగ నువ్వు కండ్లార చూసినవా? ఏమన్నయితే జిమ్మేదారి నీదే. చెప్పు జల్దీ," అన్నాడు.

మామ చూడలేదు. ఆ పొద్దు దుకాణం తీసేసరికే మూట అక్కడ ఉంది, కట్టిన చీర గుడ్డను బట్టి అక్కదని పోల్చుకున్నాడు. అన్నేళ్లలో ఏ మూటనైనా పెడుతుండగా చూడాల్సిన అవసరం ఆయనకు ఎన్నడూ రాలేదు. ఆ జనాన్ని చూసి, వెనక్కి జరిగి దారి ఇచ్చాడు.

ఫైరింజను వాళ్లు దూరం నుంచి నీళ్లు కొట్టారు. ఆపైన తాడుకు కొక్కెం కట్టి మూటను రోడ్డు మీదికి లాగితే పాత చీర గుడ్డ చినిగి, జొన్నలు బురదలో పరుచుకున్నాయి. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. అప్పుడు వచ్చింది ఆమె, జనాన్ని తోసుకుంటూ.

తిడుతుందనుకున్నాం, తిట్టలేదు. మామ ముఖంలోకి చూసి, "కొమ్మ పెట్టి పోతిని గద తమ్మీ, కనవడలేదా?" అని మాత్రం అడిగింది.

ఎత్తగలిగినంత కొంగులోకి ఎత్తుకుంది. విత్తే వానలకు ఇంకా రెండు మూడు వారాలు ఉంది. తడిసిన గింజ ఆగదు, మొలకెత్తి పోతుంది. ఆ సంగతి ఆమెకు మేం చెప్పనక్కరలేదు. బజారు ఊపిరి పీల్చుకుందని మర్నాడు పత్రికల్లో వచ్చింది. ఆ ఏడు కూతురు కొన్న విత్తనం వేసిందట, పంటా పండిందట, ఆ పచ్చజొన్న మాత్రం వాళ్లింట మళ్లీ లేదు.

భయం ఉత్తదని నేను అనను. పట్నంలో పోయిన ప్రాణాలు నిజం, ఎస్సై చేసింది అతని ఉద్యోగం. ఇప్పుడు బజారు నిండా కెమెరాలున్నాయి, మాల్ గుమ్మంలో మన జేబులు తడిమితే మనం కూడా చేతులు ఎత్తి నిలబడుతున్నాం, అదీ మంచికేనేమో. అయినా మనుషులు ఒకరి అరుగును ఒకరు నమ్మి బరువు దించుకునే వీలు ఎప్పుడు పోయిందని అడిగితే, నాకు ఆ మధ్యాహ్నమే గుర్తొస్తుంది.

ఆమె ఆ తర్వాత కూడా ఊళ్లోకి వచ్చేది. మామ పిలిస్తే వచ్చి అరుగు మీద కూర్చునేది, ఇచ్చిన మంచినీళ్లు తాగేది, తోటికోడలి సంగతి చెప్పేది. మూట మాత్రం ఒడిలోనే ఉండేది, రెండు చేతులూ దాని చుట్టూ వేసుకుని. దించుకో అక్కా అని మామ ఎన్నడూ అనలేకపోయాడు.