నాలుగు డబ్బాల్లో ఇమడని పుస్తకం

ఆ రోజుల్లో నాకు ఏ వస్తువు చూసినా నాలుగు డబ్బాలు కనిపించేవి. ఇరవై మూడేళ్ళ వయసు, గ్రంథాలయ శాస్త్రంలో కొత్త డిగ్రీ, దాని మీద విజయనగరంలో మూడు రోజుల శిక్షణ (భోజనం బాగుండేది, మూడో రోజు బొబ్బట్లు కూడా వేశారు). మనిషి పాడైపోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? శిక్షణ ఇచ్చినాయన బోర్డు మీద ఒకదాని కింద ఒకటి నాలుగు డబ్బాలు గీసి, మధ్యలో బాణాలు పెట్టాడు. రచయిత బుర్రలో పుట్టిన కథ 'కృతి'. అది ఏ మాటల్లో బయటికొచ్చిందో అది 'పాఠం'. ఆ పాఠాన్ని అచ్చువేస్తే 'ప్రచురణ'. ఆ ప్రచురణలో మన బీరువాకి చేరిన ఒకే ఒక్కటి, చెదలు పట్టినదీ టీ మరక పడినదీ, అది 'ప్రతి'. ఇకమీదట కేటలాగంటే పుస్తకాల జాబితా కాదనీ, ఈ నాలుగు డబ్బాల చుట్టరికమనీ ఆయన చెబుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది. ఇంటికొచ్చి చేపల పులుసు ముందు కూర్చుని, "అమ్మా, పులుసు అనేది కృతి. నువ్వు చింతపండు ఎక్కువేసి చేసేది ఒక పాఠం. ఇవాళ్టి గిన్నె ప్రచురణ. నా కంచంలోది ప్రతి" అన్నాను. అమ్మ నా వైపు చూడకుండానే, "ముళ్ళు సూసుకుని తిను" అంది.

అంత జ్ఞానాన్ని మోసుకుని కోటబొమ్మాళిలో రైలు దిగి, అక్కణ్ణుంచి ఆటోలో పావుగంట వెళితే వచ్చే ఒక ఊరి గ్రంథాలయంలో ఆరు నెలల కాంట్రాక్టు మీద చేరాను. అక్కడున్న పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి, గడువు చివర్లో జిల్లా నుంచి పెద్దసారు వచ్చి చూస్తారు. లైబ్రేరియన్ పోస్టు ఖాళీ (ఖాళీగా ఉందని తెలిపే ఫైలు మాత్రం నిండుగా ఉండేది), కాబట్టి ఆ గ్రంథాలయమంటే అప్పే. ఉద్యోగం అటెండరు. ఊళ్ళో అందరూ ఆవిణ్ణి అప్ప అనేవారు, నేనూ అలాగే పిలిచాను. పుస్తకాల అమరిక కూడా ఆవిడదే. వ్యవసాయం పక్కన డిటెక్టివ్ నవలలు చూసి నాకు గుండె ఆగినంత పనైంది. "ఇదేంటప్పా, ఈ రెండూ ఒకే అరలో?" అని అడిగితే, "రెండూ ఒకడే పట్టికెల్తాడు పాపా. పక్కపక్కనుంటే ఆడికి సులువు కాదేటి?" అంది. పాపం, ఈవిడకి సిద్ధాంతం తెలియదు కదా అని జాలిపడ్డాను. ఆ జాలి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పొద్దుటిపూట గ్రంథాలయం పదకొండింటికి మూశాక అసలు సందడి మొదలయ్యేది. భావనపాడు నుంచి పొద్దున్నే చేపలు తెచ్చి అమ్ముకున్న ఆడవాళ్ళు, తిరుగు బస్సు వచ్చేదాకా ఖాళీ తట్టలు పక్కన పెట్టుకుని మన వరండాలో కూర్చునేవారు. అప్ప వాళ్ళకి పుస్తకం చదివి వినిపించేది. పాత వారపత్రికల్లో వచ్చిన సీరియళ్ళని వారం వారం కత్తిరించి, మైదా జిగురుతో అంటించి, దబ్బనంతో కుట్టి, గళ్ళ చీర ముక్క అట్టగా వేసి ఆవిడే కట్టుకున్న పుస్తకాలు ఒక బీరువా నిండా ఉండేవి. వాటిలో మొగుడు గెంటేసిన ఒక పిల్ల కథ అంటే వాళ్ళకి ప్రాణం. ఎన్నిసార్లు పూర్తయినా మళ్ళీ మొదటి నుంచి చదవమనేవారు. ఆ పిల్లకి ఏదో పేరుంది గానీ వాళ్ళు 'మా పిల్ల' అనే అనేవారు.

ఆ ఏడు కొన్న కొత్త పుస్తకాల్లో ఆ నవలే అచ్చు పుస్తకంగా, నిగనిగలాడుతూ వచ్చింది. నా డబ్బాలకి పండగొచ్చింది. పేరు చూశాను, అదే. రచయిత అదే. మొదటి పేజీ అక్షరం పొల్లుపోకుండా అదే. కాబట్టి కృతి ఒకటే, పాఠం ఒకటే. శుభ్రమైన ప్రతి ఉన్నప్పుడు చీర ముక్క ప్రతి దండగ. (చివరి పేజీ చూడలేదు. మా వృత్తిలో చివరి పేజీ నంబరు చూస్తాం గానీ చివరి పేజీ చదవం. చీర ముక్క పుస్తకానికి ఆ నంబరు కూడా లేకపోయె.) తొలగించే పుస్తకాల జాబితాలో రాసి, తాడుతో కట్టేశాను. పెద్దసారు వచ్చి సంతకం పెడితే ఆ కట్టలు వ్యానెక్కి కాగితం మిల్లుకి పోతాయి. అప్ప కట్ట దగ్గరే నిలబడింది. "అదీ ఇదీ ఒకటి కాదు పాపా. ఉంచీ" అంది. ఎందుకు కాదంటే చెప్పలేదు. నేను సుద్దముక్క తీసుకుని సిమెంటు గచ్చు మీద నాలుగు డబ్బాలూ గీసి, బాణాలతో సహా అరగంట బోధించాను. ఆవిడ ఓపిగ్గా విని, "మరి ఇనీవోలు ఏ డబ్బాలోన ఉన్నారు?" అని అడిగింది. వినేవాళ్ళకి డబ్బా ఉండదని చెప్పాను. "అలగేటి" అని లోపలికి వెళ్ళిపోయింది.

పెద్దసారు రావడానికి ముందురోజు అప్ప వరండాలో కొత్త పుస్తకం చదివింది (పాతది కట్టలో ఉందిగా). చివరి అధ్యాయంలో ఆవిడ గొంతు మెల్లమెల్లగా తగ్గిపోయింది. పిల్ల మొగుడింటికి తిరిగొచ్చి, ఆయన పాదాల మీద పడి, నా తప్పు మన్నించండి అని ఏడ్చింది. శుభం.

"ఆగాగు. ఎవులి కాళ్ళ మీద పడినాది?" అంది నెత్తళ్ళత్త. ఎండు నెత్తళ్ళు (వేలెడంత చేపలు) అమ్మే ఆవిడే ఆ గుంపుకి పెద్ద.

"ఆడి కాళ్ళ మీదే" అంది అప్ప.

"మా పిల్లేటి, ఆడి కాళ్ళ మీద పడ్డమేటి? కుట్టుమిషను ఏటైపోనాది? ఆడొచ్చి పిలిస్తే గుమ్మంలోనే నిలబెట్టి, జాకెట్టు గుడ్డుంటే ఇచ్చి ఎల్లిపో అంటాది కదా, అదేటైపోనాది?"

"ఇందులోన మిషను లేదే."

నెత్తళ్ళత్త నా వైపు తిరిగింది. "ఏటమ్మా కంప్యూటర్ పాపా, మా పిల్లని ఏటి సేసీసినావు? నా కూతురు అలగే పుట్టింటికొచ్చీసినాది. మా ఆయన మల్లీ అక్కడికే పంపీడానికి బస్సెక్కించబోతే, అప్ప సదివిన ఆ కత ఇని నానే దింపీసినాను. మిషను కొన్నాను. ఇప్పుడు మా పిల్లే ఆడి కాళ్ళ మీద పడిపోనాదని నా కూతురికి ఎలగ సెప్పీది?"

లోపలికెళ్ళి కట్ట విప్పి చీర ముక్క పుస్తకం చివర తెరిచాను. సీరియల్ ముక్కలు అయిపోయిన చోట గీతల కాగితాలు పదహారు పేజీలు అంటించి ఉన్నాయి. నీలం సిరాతో, ముత్యాల్లాంటి అక్షరాలతో, కుట్టుమిషను, గుమ్మం, జాకెట్టు గుడ్డ, అన్నీ ఉన్నాయి. రోజూ పుస్తకాల రాకపోకల రిజిస్టరులో నేను చూసే చేతిరాతే.

అప్ప వెనకే వచ్చింది. "ఆకరి వారం పత్రిక రాలేదు పాపా. వానలకి రైళ్ళాగిపోనాయి. ఈలంతా ఏటైనాది, ఏటైనాదని పేణం తీసీసినారు. నానే రాసీసినాను. అసలు కత ఇలగుంటాదని నాకూ ఇయాలే తెలిసినాది" అంది. మరి నాకెందుకు చెప్పలేదంటే, "గవర్నమెంటు పుస్తకంలోన అటెండరు రాసీసిందని తెలిస్తే ఊరుకుంటారేటి? రెండు నెలల్లో రిటైరైపోతాను. పింఛనీ కాయితాలు పెద్దసారు బల్ల మీదే ఉన్నాయి. పోనీ పాపా, మిల్లుకి ఎల్లిపోనీ" అంది. అంటూనే ఆ పుస్తకం అట్ట మీద దుమ్ము కొంగుతో తుడిచింది.

ఆ సాయంత్రం నాకు మొదటిసారి నా డబ్బాల మీద ఒళ్ళు మండింది. తర్వాత, చేసిన తప్పు వాటిది కాదు, వాటిలో పుస్తకాన్ని చదవకుండా పడేసిన నాదని తోచింది. ముగింపు మారితే అది ప్రతి కాదు, పాఠమూ కాదు, మరో కృతి. అంటే ఒక పుస్తకాన్ని ఉరికంబం ఎక్కించిన సిద్ధాంతంతోనే దాన్ని కిందికి దించవచ్చు. కానీ కొత్త కృతికి కర్త పేరు కావాలి. అప్పుడు తెలిసింది, దాదాపు ఆరు నెలలు ఒకే గదిలో పనిచేసిన మనిషి అసలు పేరు నాకు తెలియదని. హాజరు పట్టీ తీసి, ఇంటిపేరుతో సహా చూసి, కర్త గడిలో టైపు చేశాను. ఉద్యోగం గడి ఒకటుంది. దాన్ని ఖాళీగా వదిలేశాను (పక్కనే పనిచేసిన నాకే తెలియని పేరు పెద్దసారుకి గుర్తుంటుందా?).

మర్నాడు పెద్దసారు వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. సరిగ్గా అక్కడే ఆగారు. "ఇదేమిటమ్మా, ఒకే పేరుతో రెండు కృతులు?" నేను ఊపిరి తీసుకోకుండా డబ్బాలన్నీ అప్పజెప్పాను. ఆయన తలాడిస్తూనే ఉన్నారు (ఆయనా ఆ శిక్షణకి వచ్చారు, బొబ్బట్ల రోజున). చివరికి అడిగారు, "అయితే ఈవిడెవరు?"

"స్థానిక రచయిత్రి సార్."

ఆయన ముఖం వెలిగిపోయింది. నివేదికలో స్థానిక రచయితలు అని ఒక కాలమ్ ఉందట. ఏ ఊరు వెళ్ళినా అక్కడ సున్నా రాయవలసి వస్తోందట. ఎంతో శ్రద్ధగా 'ఒకరు' అని రాసుకుని, కట్టల మీద సంతకాలు పెట్టి, పుస్తకం తెరవను కూడా తెరవకుండా, "రచయిత్రిగారిని ఓసారి పిలిపించండి, శాలువా కప్పుదాం" అన్నారు. అదే సమయానికి అప్ప టీ తెచ్చి ఆయన ముందు పెట్టింది. పెద్దసారు గ్లాసందుకుంటూ ఆవిడ వైపు చూడకుండానే, "ఆవిడ ఎక్కడుంటారో నీకు తెలుసా?" అని అడిగారు.

"తెలుసు బాబూ. ఊరెల్లినారు" అంది అప్ప. ఆ శాలువా పెద్దసారు కారులోనే తిరిగి వెళ్ళిపోయింది.

అప్ప పూర్తి పింఛనుతో రిటైరైంది. నేను ఇప్పుడు విజయనగరంలో ఒక కాలేజీలో పిల్లలకి అవే నాలుగు డబ్బాలు గీసి చెబుతున్నాను. ఒక్కొక్కసారి క్లాసయ్యాక ఆ ఊరి కేటలాగు తెరిచి అప్ప పేరు వెతుకుతాను. వస్తుంది. కృతి ఒకటి, పాఠం ఒకటి, అచ్చుకి వెళ్ళలేదు కనుక ప్రచురణ లేదు, ప్రతి ఒక్కటే. ఆ ప్రతి అరలో లేదు, నెత్తళ్ళత్త పేరున బయటికి వెళ్ళి ఏళ్ళయింది. గడువు దాటిందని ఎర్రటి గుర్తు మెరుస్తూంటుంది. గచ్చు మీద సుద్దతో గీతలు గీసిన అప్పటి నేనైతే ఈపాటికి పది నోటీసులు పంపి ఉండేదాన్ని. నాకు మాత్రం ఆ ఎర్ర గుర్తు చూసినప్పుడల్లా నవ్వొస్తుంది. వినేవాళ్ళు ఏ డబ్బాలో ఉన్నారని అప్ప అడిగింది కదా, ఇక్కడే ఉన్నారనిపిస్తుంది. చూసి, మూసేసి, ఇంటికెళ్ళిపోతాను.