మొగల్తూరు దారిలో నీలిపచ్చ రాయి

రాళ్ల పిచ్చి నాది. రాజమహేంద్రవరంలో పిల్లలకు సైన్సు చెప్పగా మిగిలిన పొద్దంతా వాటికే ధారపోస్తానని మా ఆవిడ దెప్పుతుంటుంది. పాలకొల్లు కంసాలి వీరాచారిగారు ఒకరోజు ఉత్తరం రాశారు. మొగల్తూరు అవతల జాలరిపేటలో ఓ ముసలమ్మ దగ్గర నీలిపచ్చ రాయి ఉందట. ఆమె మరకత పచ్చ అనుకుంటోందట, ఆయనకు నమ్మకం లేదట. ఇక నాకు కాలు నిలవలేదు.

గోదావరి దాటి, విజ్జేశ్వరంలో ఉదయం ఎనిమిదింటికి కాలువ పడవ ఎక్కాను. మనిషికి ఆరణాలు. లాకుల దగ్గర ఆగుతూ ఆగుతూ మర్నాడు పొద్దుటికి పాలకొల్లు చేరుస్తుంది. తిండి వెంట ఉంచుకోవడం మేలు. అక్కడ ఆచారిగారూ నేనూ ముప్పావలాకు ఎడ్లబండి మాట్లాడుకుని, నరసాపురం మీదుగా మధ్యాహ్నానికి పేట చేరాం.

ఆ ముసలమ్మ, పోలమ్మ, వాకిట్లో చేపలు ఆరబెడుతోంది. ఆమె పెనిమిటి సీమ ఓడల నుంచి సరుకు దించే రోజుల్లో ఓ దొర ఇచ్చాడట ఆ రాయి. ఆమె చేతిలో పెట్టగానే ఆత్రంగా వెలుగుకి తిప్పి చూశాను. మట్టిరంగు రాతి మీద ఆకాశం రంగు పలుకులు. గోటితో గట్టిగా గీస్తే గీత పడింది. అసలు పచ్చ మీద సూది మొనైనా ఆనదు. ఆచారిగారు ఆవగింజంత రవ్వను నిప్పు బొగ్గు మీద పెట్టి, ఊదుగొట్టంతో ఊదారు. గుప్పున వెల్లుల్లి వాసన! పాషాణం, అంటే ఆర్సెనిక్ విషం, ఉందనడానికి అదే గుర్తు. రాగి, పాషాణం కలిసి పుట్టిన లిరోకొనైట్ అనే ఖనిజం అది. ఆ దొరల సీమలో ఒక్క ప్రాంతపు గనుల్లోనే దొరికేదని, ఇప్పుడు దానికోసం రాళ్లు పోగుచేసేవాళ్లు అర్రులు చాస్తారని చదివాను. నేనూ చాచాను.

"ఇది నాకిస్తావా మామ్మా?"

"ఎలా ఇచ్చేదండి బాబూ? మనవడి మందు కదండీ. పచ్చ అరగదీసి పడితే పిల్లలకి బలమంటారండి. వసకొమ్ముతో పాటు సానమీద అరగదీసి రోజూ పాలల్లో పడతన్నానండి. వారం నుంచి పిల్లోడు ఒకటే కక్కుతున్నాడు. అందుకే నిన్నటి నుంచి ఇంకో రెండు చుట్లు పెంచానండి."

ఉయ్యాలలో పసివాడు ఏడవడానికి కూడా ఓపిక లేకుండా పడుకున్నాడు.

"ఆపెయ్యి మామ్మా, అది విషం."

ఆమె రాయి లాక్కుంది. "ఇందాక ఇమ్మన్నారు. ఇవ్వనంటే విషమంటన్నారా? అంత విషమైతే మీకెందుకండీ?"

ఆచారిగారు ఎంత నచ్చజెప్పినా వినలేదు. తప్పు ఆమెది కాదు. నా కళ్లల్లో ఆశ ఆమె చూసింది.

"నాకూ వద్దు. ఉప్పుటేట్లో పారేద్దాం పద," అన్నాను.

చాలాసేపు నా మొహంలోకి చూసి, రాయి నా చేతికిచ్చింది. "అయితే మీరే పారెయ్యండి. చూస్తాను."

పడవలో లోతు దాకా వెళ్లాక చెయ్యి వెంటనే తెరుచుకోలేదు. చివరికి వదిలేశాను. గట్టు మీద నుంచి చూసిన ఆమె, నేను ఒడ్డుకు రాగానే మా ముందే గబగబా ఇంటికి వెళ్లి, గిన్నెలోని మందు బూడిదలో పోసేసింది.

పిల్లవాడు కోలుకున్నాడని పక్షం తర్వాత ఆచారిగారు రాశారు. రాయి గుర్తొస్తే ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది, అబద్ధమెందుకు? కానీ అంతకన్నా బాధించేది, ఆ పూట నా నిజం అబద్ధంలా వినిపించడం. రాళ్ల కోసం ఈ దారిన వెళ్లేవారికి ఒక్క మాట. ఎంత నచ్చినా ముందు ఇమ్మని అడగకండి. దాన్ని ఇంట్లో దేనికి వాడుతున్నారో అడగండి.