గుండీల పిచ్చి పట్టిన దర్జీ

ఆ దర్జీని వీధిలో అందరూ ‘ముభావం మామయ్య’ అనేవారు. కొలతలు చెప్పడానికి తప్ప నోరు విప్పేవాడు కాదు. నవ్వించాలని చూసినవాళ్లు తామే నవ్వులపాలై వెళ్లేవారు. అరవై దాటాక ఆయన కుడిచెయ్యి మొరాయించింది. సూది పట్టుకుంటే వేళ్లు చెప్పిన మాట వినవు, కత్తెర పట్టుకుంటే చెయ్యి కొయ్యబారిపోతుంది. కొట్లో బట్ట కత్తిరించే భార్య చూసి చూసి, ఆయన్ని నరాల డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

“మెదడులో ఒక కణానికీ పక్క కణానికీ మధ్య సన్నటి సందు ఉంటుందండీ,” అంది డాక్టరమ్మ. “కబురు ఆ సందు దాటాలంటే ఒక రసాయనం మోసుకెళ్లాలి. మీకు డోపమైన్ అనే రసాయనం తగ్గింది, అందుకే కదలికలు మొండికేస్తున్నాయి. ఈ మాత్ర దాని వేషం వేసుకుని అవతలి కణం తలుపు తడుతుంది.”

“దొంగవేషమా?” అంది భార్య అనుమానంగా.

“పనికొచ్చే వేషమేలెండి.”

కొన్ని వారాల్లో చెయ్యి సడలింది. చెయ్యితోపాటు మనిషీ సడలాడు. మొదట దిండు గలీబులకు గుండీలు కుట్టాడు. తర్వాత కర్టెన్లకు, చేతిసంచులకు. అది చాలక, కొట్లో కునుకు తీస్తున్న బావమరిది చొక్కాను కుర్చీ గుడ్డకు కలిపి కుట్టేశాడు. బావమరిది లేస్తే కుర్చీ కూడా లేచింది. ఇక బ్యాంకు మేనేజరు కొత్త కోటుకైతే జేబులన్నీ మూసేశాడు. పాపం ఆయన మీటింగులో దర్జాగా జేబులో చెయ్యి పెట్టబోయి, దారి దొరక్క, దురద పుట్టినవాడిలా కోటు తడుముకుంటూ నిలబడ్డాడట.

“ఇదేం పనయ్యా?” అని మేనేజరు మండిపడ్డాడు.

“చేతులు పెడితే జేబులు సాగిపోతాయి సార్,” అన్నాడు మామయ్య, నవ్వు ఆపుకోలేక.

భార్య ఆయన్ని వెంటబెట్టుకుని మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తింది. డాక్టరమ్మ ఆశ్చర్యపోలేదు. “ఆ మాత్ర చేతిని నడిపే చోటే ఆగదమ్మా. సరదా పుట్టించే చోటా తలుపు తడుతుంది. కొందరికి ఒకే పని పదేపదే చెయ్యాలనిపిస్తుంది. మోతాదు తగ్గిద్దాం.”

“చేతికి వైద్యం చెయ్యమంటే నా సరదాకి చేస్తారేంటమ్మా?” అని అలిగాడు మామయ్య.

మెల్లగా గుండీల యావ పోయింది. చెయ్యి మళ్లీ కాస్త మందగించింది, దాంతో మధ్యాహ్నం కుట్టుపని భార్య అందుకుంది. కొట్టు మళ్లీ మూగబోయింది. ఆ ప్రశాంతత కోసం అంత పోరిన ఆమెకే ఇప్పుడు ఊపిరాడలేదు.

ఓ ఉదయం ఆమె కొట్లో అద్దం ముందు జుట్టు సవరించుకుంటోంది.

“ఎవరికోసమో ఈ ముస్తాబు?” అన్నాడు ఆయన, తలెత్తకుండానే.

పెళ్లయిననాటి నుంచీ అలాంటి మాట ఎరగని ఆమె చేతిలోంచి దువ్వెన జారింది.

“ఇది మాత్ర మాటా, మీ మాటా?”

“నాకేం తెలుసు? డాక్టరమ్మనే అడుగు,” అంటూ ఆయన మిషను తొక్కడం మొదలుపెట్టాడు.