ఆపెరాకి నోరు మూసుకుని వెళ్లిన రోజు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ టీవీ గొంతు కాస్త తగ్గిస్తే చెబుతాను. ఆ రోజుల్లో నా మనసుకీ నోటికీ మధ్య తలుపు ఉండేది కాదు. పెళ్లయి ఢిల్లీ కంటోన్మెంట్‌కి కొత్తగా వచ్చాను. మా ఆయన మిలిటరీలో డ్రైవరు. వాళ్ల ఆఫీసరు సాబ్ గారి భార్య, మేడమ్, జవాన్ల పిల్లల కోసం క్రెష్ నడిపేది. సోమవారం నుంచి నన్ను అందులో ఆయాగా పెట్టుకుంటానంది. ఈలోగా (ఆవిడకేం బుద్ధి పుట్టిందో) ఆపెరా చూద్దురుగాని రమ్మని మా ఇద్దరికీ పాసులిచ్చింది. ఆపెరా అంటే మాటలకు బదులు పాటలతోనే కథ నడిచే విదేశీ నాటకం.

"ఏమే, అక్కడ నోరు మెదపకు. పసిపిల్లల్ని నిద్రపుచ్చే ఉద్యోగం. గోలమనిషివని తెలిసిందా, అంతే!" అని బస్సు దిగేదాకా మా ఆయన ఒకటే పాఠం.

"నేనేమన్నా చంటిపిల్లనా అండీ?" అన్నాను.

హాలు నిండా జనం, చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం. నాదేమో గుంటూరు వైపు పద్యనాటకాల మధ్య పెరిగిన ప్రాణం. అక్కడ చచ్చిపడిన రాజైనా సరే, జనం "వన్స్ మోర్" అంటే లేచి, పంచె సర్దుకుని, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడు. అడక్కపోతే అతనికి అవమానం. ఇక్కడ ఆ మహాతల్లి అంత గొప్పగా పాడుతుంటే ఒక్కరూ ఆహా అనరే! నాకు కాలు నిలవదు, చెయ్యి నిలవదు. గాజులు గలగలమంటున్నాయని మా ఆయన నా మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. విషం తాగిన ఆ తల్లి ప్రియుడి ఒళ్లో వాలి ఒక్క రాగం తీసింది; భాష ముక్క తెలియకపోయినా ఒళ్లు ఝల్లుమంది. రాగం ఆగింది, తల వాలింది, చచ్చిపోయింది. ఎవరూ కిమ్మనరు. అయ్యో పాపం, ఒక్కరైనా అడగరేం అని చెయ్యి విదిలించుకుని లేచి, "వన్స్ మోర్!" అని కేక పెట్టాను.

ముందు వరసలన్నీ వెనక్కి తిరిగాయి. చచ్చినావిడ పొట్ట నవ్వాపుకోలేక ఎగిరెగిరి పడుతోంది. మా ఆయన రుమాలు మొహాన కప్పుకుని, "అయిపోయింది, నీ ఉద్యోగం అయిపోయింది" అని గొణిగాడు.

ముందు వరసలో కూర్చున్న మేడమ్ బయట మెట్ల దగ్గర మా కోసం ఆగింది. "మా ఊళ్లో అలా అడక్కపోతే పాడినవాళ్లు నొచ్చుకుంటారు మేడమ్ జీ" అన్నాను, వచ్చీరాని హిందీలో.

"అచ్ఛా!" అంది ఆవిడ. "నాకూ మళ్లీ వినాలనే ఉండింది, నోరు రాలేదు. సోమవారం వచ్చెయ్. పిల్లలు ఏడుపు ఆపినప్పుడు మాత్రం వన్స్ మోర్ అనకు."

ఇప్పుడు అలాంటి హాళ్లలో ఎలా కూర్చోవాలో నాకు బాగా తెలుసు. అందరూ చప్పట్లు కొట్టాకే కొడతాను. ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఒక్కోసారి మంచి పాట ముగిసి హాలంతా బిగుసుకున్నప్పుడు, ఆనాటి ఆ వెర్రిపిల్ల లేచి అరిస్తే బాగుండునని పక్కకి చూస్తాను. చల్లగా ఉండండి నాయనా. మీ ఇంట వండినవాళ్లనీ, పాడినవాళ్లనీ నోరారా మెచ్చుకునే మనిషి ఎప్పుడూ ఒకరుండాలి.