చల్లారిన పకోడీలు

మా మేనత్త పోయిందని అమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఉప్పల్ స్టేషన్లో మెట్రో కోసం నిలబడి ఉన్నాను. రంజాన్ ఇంకా సగం కూడా కాలేదు. ముందు రోజు సాయంత్రమే ఆమె బతకాలని దువా చేశాను, నా సొంత మాటల్లో. అలా అడగడం నేర్పింది ఆమే.

నాచారంలో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య ఒకటే గోడ. రంజాన్లో అందరం ఆమె ఇంట్లోనే రోజా, అంటే ఆనాటి ఉపవాసం, విడిచేవాళ్లం. పొద్దుగూకాక వినిపించే మగ్రిబ్ అజాన్‌కు కాసేపు ముందు, గిన్నెలో పిండి మిగిలి ఉన్నా సరే, ఆమె స్టవ్ ఆపేసేది.

మామయ్య ఏటా గొణిగేవారు. "అందరిండ్లల్ల పకోడీలు పొగలు కక్కుతయి. మన ఇంట్లనే సల్లగ."

ఫుప్పూ ఊరుకునేది కాదు. "పకోడీలు మళ్ల వేసుకోవచ్చు. రోజా విడిచే ముందు గీ దువా టైము మళ్ల రాదు. జర నోరు మూసి చేతులు తెరువున్రి."

కాన్వెంట్లో ఉదయం ప్రార్థన నాకు కంఠతా వచ్చు. నమాజులో అరబ్బీ కూడా అంతే. కానీ ఊరికే చేతులు చాపి అడగమంటే మాట వచ్చేది కాదు. క్లాసులో సందేహం అడగడానికి కూడా చెయ్యెత్తేదాన్ని కాదు. అరచేతులు చూసుకుంటూ కూర్చునేదాన్ని. ఒకరోజు ఆమె గమనించింది.

"ఏమడిగినవ్ బేటా?"

"ఏం లేదు ఫుప్పూ. ఎట్ల అడగాల్నో తెల్వది."

"నాతోని ఎట్ల మాట్లాడుతున్నవ్? గట్లనే. నమాజు అందరం చదువుతం. ఇది నీ ఒక్కదాని మాట. నువ్వు చెప్పకుంటే ఇంకెవరు చెప్తరు?"

మర్నాడు, పరీక్ష అంటే భయంగా ఉందని తెలుగులో చెప్పాను. అంతే. గుండె తేలికైంది.

"అడిగినవన్నీ ఇస్తాడా?" అని తర్వాతెప్పుడో అడిగితే నవ్వింది. "ఇయ్యనీకి అదేమన్న కిరాణం దుకాణమా? చెప్పుకునేతందుకు ఒకరుండాలె గదా."

ఈ ఏడాది ఆమెకు జబ్బు చేసింది, డాక్టర్లు రోజా ఉండొద్దన్నారు. మొదటి రోజు గోడవైపు తిరిగి ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని, "రోజా పోతేంది, చేతులైతే ఉన్నయి" అంది. సాయంత్రాలు మంచం మీది నుంచే కేకేసేది: "స్టవ్ బంద్ చేసిన్రా?"

ఆమె బతకాలని నేను అడిగింది నాకు దొరకలేదు. ఇక చేతులు చాపడం ఎందుకనిపించింది.

ఆమెను సాగనంపిన మర్నాడు ఇఫ్తార్ మా ఇంట్లో. మామయ్య ఈసారైనా వేడిగా తింటారని అమ్మ చివరి వాయి ఆలస్యంగా, అజాన్ దగ్గరపడ్డాకే కడాయిలో వేసింది. ఎప్పుడూ వంటింట్లోకి రాని మామయ్య లోపలికి వచ్చి, తనే స్టవ్ ఆపేశారు.

"టైమైంది చెల్లె."

వచ్చి కూర్చుని చేతులు చాపారు. కాసేపటికి నేనూ చాపాను. అడగడానికి ఏమీ లేదు. ఆమె గురించి చెప్పడానికి చాలా ఉంది. కడాయిలో నూనె చప్పుడు మెల్లగా ఆగిపోయింది. అజాన్ ఇంకా వినబడలేదు.