సిరల చెట్లు చేసే నెగోరో గారు

నెగోరో షిగెజి గారు మా వైద్య కళాశాల నేలమాళిగలో ముప్పై ఏళ్లు ఒకే పని చేశారు. కళాశాలకు దేహదానం చేసినవాళ్ల కడుపులోని అవయవాలను తీసి, రక్తనాళాల్లోకి రంగు కలిపిన ప్లాస్టిక్ ద్రవం ఎక్కించేవారు. అది గట్టిపడ్డాక ఆమ్లంలో ముంచితే మాంసమంతా కరిగిపోయి, కొమ్మలూ రెమ్మలూ వేసిన చెట్టులా నాళాలు మాత్రం మిగిలేవి. ధమనులు ఎర్రగా, సిరలు నీలంగా ఉండేవి. మా ఊళ్లో డాక్టరైన ప్రతివాడూ ఆ చెట్లు చూసే పొట్టలోపలి రక్తపు దారులు నేర్చుకున్నాడు. వాటిని చేసిన మనిషి మొహం ఎవరికీ గుర్తులేదు.

శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ వాసన ఆయన చర్మానికే పట్టేసిందనేవారు. వీధిలో అందరూ కలిసి స్నానం చేసే శాలలో ఆయన తొట్టెలో దిగితే పక్కవాళ్లు లేచి వెళ్లిపోయేవారు. అందుకని తలుపులు తీయగానే, ఇంకా ఎవరూ రాకముందే స్నానం ముగించుకుని వచ్చేవారు. రెండు పెళ్లి సంబంధాలు ఉద్యోగం సంగతి చెప్పగానే తప్పిపోయాయి. మూడోదాన్ని ఆయనే వద్దన్నారు.

టోక్యోలో ఒలింపిక్స్ జరగడానికి ముందు ఏడాది ఆయనతో నాకు పని పడింది. అప్పటికి నేను కుర్ర సర్జన్ని. మా ఊరి చికుగో నది పక్క కాలువల్లో దిగేవాళ్లకు వచ్చే పొట్టజబ్బు ఇంకా పోలేదు. నీళ్లలోని పురుగు చర్మంలోంచి దూరి, కడుపులోని రక్తాన్నంతా కాలేయానికి చేర్చే పెద్ద సిరలో కాపురం పెడుతుంది. ఏళ్లు గడిచేసరికి కాలేయం బిగుసుకుపోతుంది. ముందుకు పోలేని రక్తం అన్నవాహికలోని సన్నని సిరల్లోకి ఎగదన్నుతుంది. ఒకరోజు అవి పగులుతాయి.

సుగిఎ తొమి గారికి అలా రెండుసార్లు పగిలాయి. ఆవిడకు యాభై రెండేళ్లు, నది చేపలు శుభ్రం చేసి అమ్ముకునే మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆ పెద్ద సిరను నేరుగా గుండెకు వెళ్లే సిరకు కలిపి కుట్టాలని మా ప్రొఫెసర్ నిర్ణయించి, కత్తి నా చేతికిచ్చారు. నేను భయపడి నేలమాళిగకు వెళ్లాను.

నెగోరో గారు అంతా విని, ఒక చెట్టును తీసి బల్లమీద పెట్టారు.

"పుస్తకంలో కాలేయానికి వెళ్లే ధమని సిరకు ముందునుంచి పోతుంది కదా. దీన్ని చూడండి, డాక్టరు గారూ."

చూశాను. పేగుల ధమనిలోంచి ఎర్రటి కొమ్మ ఒకటి పుట్టి, నీలం సిర వెనకనుంచి దొంగలా పాకి కాలేయంలోకి పోతోంది.

"ఇలాంటివి ఎన్ని చూశారు?"

"ప్రతి ఏడెనిమిది మందిలో ఒకరికి ఉంటుంది. మీరు సిరను అటు తిప్పేశాక కాలేయానికి ధమని రక్తమే దిక్కు. తెలియక దీన్నీ తెంపారనుకోండి..." ఆయన ఆ ఎర్రకొమ్మను వేలితో మూసి చూపించారు. "కత్తెర పెట్టే ముందు సిర వెనక్కి వేలు పోనివ్వండి. వేలి కింద నాడి కొట్టుకుంటే ఆగిపోండి."

మూడో రోజు ఆపరేషన్లో వేలు పెట్టాను. కొట్టుకుంది. ఆ ధమనిని జాగ్రత్తగా పక్కకు జరిపి సిరలు కలిపేసరికి మరో రెండు గంటలు పట్టింది. తొమి గారు బతికారు.

బతకడానికి కారణం ఎవరో నేనే ఆవిడకు చెప్పాను. డిశ్చార్జి అయిన వారం తర్వాత అన్నం, ఊరగాయ ముల్లంగి పెట్టిన డబ్బాతో ఆవిడ నేలమాళిగ గుమ్మంలో నిలబడ్డారు.

"లోపలికి రాకండమ్మా, వాసన," అన్నారు నెగోరో గారు కంగారుగా.

"వాసనా? ముప్పై ఏళ్లు చేపల పొట్టలు చీల్చినదాన్ని. నా దగ్గరకొచ్చి వాసన గురించి చెబుతారా? జరగండి!"

ఆ తర్వాత ప్రతి గురువారం వచ్చేవారు. ఇద్దరూ పనిబల్ల పక్కనే కూర్చుని తినేవారు. మాంసం, చేపలు ముట్టొద్దని నేను గట్టిగా చెప్పాను. సిర దారి మళ్లించాక, వాటినుంచి పుట్టే విషాలతో పేగుల రక్తం కాలేయంలో శుభ్రపడకుండానే మెదడుకు చేరుతుంది. చేపలమ్మే మనిషికి చేప నిషేధం! "ఈ డాక్టరు నా నోరు కుట్టేశాడు," అని నన్ను తిట్టుకుంటూనే మాట విన్నారు.

మూడో ఏడు చివర్లో ఆవిడ ఏ రోజు ఏదో మరిచిపోవడం మొదలుపెట్టారు. గురువారం బదులు మంగళవారం వచ్చి, నెగోరో గారు ఎందుకు తినడంలేదని కోప్పడ్డారు. చేతులు వణికేవి. మందులిచ్చాను, తిండి ఇంకా తగ్గించాను. కొన్ని వారాలు తేరుకునేవారు, మళ్లీ మామూలే. చివరికి ఇల్లు దాటలేకపోయారు. అప్పటినుంచి ఆదివారాలు నెగోరో గారే బస్సెక్కి వెళ్లేవారు.

ఒక ఆదివారం నేనూ వెళ్లాను. తొమి గారు వాకిట్లో కూర్చుని నది వైపు చూస్తున్నారు. నన్ను గుర్తుపట్టలేదు. ఆయన్ని చూడగానే మొహం విప్పారింది.

"ఏమండీ, ఇంత ఆలస్యమా? పడవ కట్టేశారా?"

ఆయన్ని భర్త అనుకుంటున్నారు. నెగోరో గారు ఒక్క క్షణం నా వైపు చూశారు.

"కట్టేశాను," అన్నారు.

"గట్టిగా కట్టారా? నీళ్లు పెరుగుతున్నాయట."

"రెండు ముళ్లు వేశానులే. నువ్వు లోపలికి పద, చలిగా ఉంది."

పెళ్లి చేసుకోని మనిషి ఆ మాటలు అంత తేలిగ్గా ఎలా అనగలిగారో నాకు అర్థం కాలేదు. తిరుగు బస్సులో అడిగాను. చాలా వారాలుగా ఇదే జరుగుతోందని, మొదట్లో తాను భర్తను కాదని చెప్పబోతే ఆవిడ ఏడ్చారని చెప్పారు.

ఆ శీతాకాలంలో ఆవిడ మగతలోకి జారి, మళ్లీ లేవలేదు.

అంత్యక్రియల ఇంట్లో వచ్చినవాళ్ల పేర్లు రాసే పుస్తకం పెట్టారు. పేరు పక్కన చనిపోయినవారికి ఏమవుతారో రాయాలి. నెగోరో గారు కలం పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. వెనక జనం ఆగిపోయారు. పేరు రాసి, పక్కన ఖాళీగా వదిలేశారు. ధూపం వేసి, భోజనానికి ఆగకుండా బయటికి వచ్చేశారు.

బస్టాపు దగ్గర ఆయన్ని కలుసుకున్నాను.

"ఆపరేషన్ చేయకపోతే ఆ నెలే పోయేవారు కదా, డాక్టరు గారూ?"

"ఆ నెలే."

తల ఊపారు. బస్సు వస్తోందేమోనని రోడ్డు వంక చూసి, "ఆదివారాలు ఏం చేయాలో తోచడం లేదు," అన్నారు.

మా ఇంటికి రమ్మన్నాను. వస్తానన్నారు కానీ, ఒక్కసారీ రాలేదు.