భూరీ చెవుల వెనక

నవంబరు చివర్లో గురుగ్రామ్‌లోని మా అపార్టుమెంటు గేటు దగ్గరికి ఎర్ర క్యారెట్ల బండి వస్తుంది. హల్వా కోసం వాటిని తురుముతుంటే లేచే పచ్చి మట్టివాసనకి నాకు ఫరీదాబాద్ అవతల ఒక ఫామూ, అందులో ఎవరినీ దగ్గరికి రానివ్వని ఒక గుర్రప్పిల్లా గుర్తొస్తాయి.

నాన్న పశువుల డాక్టరు. విజయనగరం నుంచి బదిలీ మీద వచ్చి ఢిల్లీలో సరోజినీ నగర్ క్వార్టర్సులో ఉండేవాళ్లం. ఆదివారాలు ఆ ఫామ్‌కి వెళ్లి గుర్రాలను చూసిరావడం ఆయనకి ఇష్టం. నేను నాలుగో తరగతిలో ఉన్న ఆ చలికాలమంతా, మంకీ క్యాపు చెవుల మీదికి లాక్కుని, స్కూటరు మీద ఆయన వీపుకి అతుక్కుని, పొగమంచులో కనిపించని బదర్‌పూర్ రోడ్డు దాటి, ఒళ్లో అమ్మ కట్టిచ్చిన ఉప్పుడుపిండి డబ్బా, స్వెట్టరు జేబుల్లో అమ్మకి తెలియకుండా దాచిన క్యారెట్లతో వెళ్లేదాన్ని. దోవలో బండివాళ్లు కాల్చిన చిలగడదుంపల మీద నిమ్మకాయ పిండి ఇచ్చేవారు. ఆ వేడికి చేతులు కాచుకుని తర్వాత తినేవాళ్లం.

ఆ ఏడు హిమాచల్‌లోని స్పితి లోయ నుంచి లారీలో దించిన పొట్టి గుర్రప్పిల్లలు నాలుగుండేవి. కురచ కాళ్లు, చిక్కుపడ్డ జూలు, ఎలుగుబంటి పిల్లల్లా దట్టమైన బొచ్చు. వాటిని మచ్చిక చేసే దయారామ్ గారిని, హర్యానాలో పెదనాన్నని పిలిచినట్టు, తావూజీ అనేదాన్ని. సైన్యంలో కంచరగాడిదలను సాకి రిటైరైన మనిషి. హుక్కా, ఆవనూనె వాసనలు కలిసిన దుప్పటి కప్పుకుని, ఏ పిల్లనీ కొట్టకుండా, లాగకుండా, దాని పక్కన ఊరికే నిలబడి గంటలు గడిపేవారు. ముందు భుజం మీద అరచెయ్యి, కొన్నాళ్లకి మెడ మీద, ఆ తర్వాత మాలీషు, అన్నిటికన్నా చివర మొహానికి తొడిగే తాడు.

మూడు పిల్లలు తాడు వేయించుకున్నాయి. నాలుగోది, లేత గోధుమరంగు భూరీ, చెవుల దగ్గరికి చెయ్యొస్తే వణికిపోయేది. లారీ ఎక్కించేటప్పుడు ఎవరో చెవులు మెలిపెట్టి ఉంటారని నాన్న అన్నారు. హోలీ లోపల అది దారికి రాకపోతే ఇటుకబట్టీ వాళ్లకి ఇచ్చేస్తానన్నాడు ఫామ్ యజమాని. బట్టీల్లో బండ్లు లాగే గుర్రాల వీపుల మీది పుళ్లకి నాన్న మందు రాయడం నేను చూశాను.

నాన్న నన్ను దొడ్లో భూరీకి వీపు తిప్పి కూర్చోబెట్టి, తెలుగు గుణింతాలు పైకి చదవమన్నారు.

"నువ్వెళ్లకమ్మా, దాన్నే రానీ."

మూడో ఆదివారం నా మెడకి వెచ్చటి ఊపిరి తగిలింది. ఐదో ఆదివారం జేబులోంచి క్యారెట్ లాక్కుంది.

అక్కడ నేను తొందరపడ్డాను. తావూజీ టీ తాగడానికి వెళ్లినప్పుడు, అందరికన్నా ముందు నేనే తాడు వేశాననిపించుకోవాలని, దాని తల మీదుగా విసిరి ముడివేశాను. భూరీ వెనక్కి ఎగిరి ముళ్లకంచెలో పడి ముందుకాలు చీల్చుకుంది. కుట్లు వేస్తూ నాన్న ఏమైందని అడిగితే, నెమలి అరుపుకి బెదిరిందని చెప్పాను. ఆ తర్వాత అది మనిషి అలికిడికే మూలకి పోయేది. యజమాని బట్టీ మనిషికి కబురు పెట్టాడని తెలిశాక, ఉండబట్టలేక తావూజీకి నిజం చెప్పేశాను. తాడుకున్నది స్కూలు బూట్ల ముడని చూసి ఆయనకి ముందే తెలుసట.

"నాకు చెప్పి ఏం లాభం బిటియా? మాలిక్‌కి చెప్పు. తప్పు గుర్రానిదే అనుకుంటున్నాడు."

నాన్న పక్కన నిలబడితే, ఏడుస్తూ యజమానికీ చెప్పాను. అతను దొడ్డి దగ్గరికి వెళ్లి భూరీ కాలి గాయం చూసొచ్చాడు. చివరికి ఇంకో నెల చూద్దామన్నాడు. తిరుగుదోవలో నాన్న ఎప్పట్లాగే చిలగడదుంపల బండి దగ్గర స్కూటరు ఆపారు, తిట్టినా బాగుండుననిపించింది.

మళ్లీ మొదటి గుణింతం నుంచి మొదలుపెట్టాను. హోలీ వెళ్లి, స్వెట్టర్లు పెట్టెలోకి పోయాక, ఒక పొద్దున తావూజీ తాడు నా చేతికిచ్చారు. దాన్ని వదులుగా, కిందికి పట్టుకున్నాను. భూరీ వాసన చూసి, ముట్టె తనే అందులో పెట్టింది. చెవుల వెనక ముడి వేస్తుంటే నా వేళ్ల కింద దాని చర్మం వణికి, నెమ్మదిగా ఆగింది.

"చాలు, ఇంక తీసెయ్" అన్నారు నాన్న.

భూరీ ఆ ఫామ్‌లోనే ఉండిపోయి, ఎందరో పిల్లల్ని వీపు మీద తిప్పి, ముసలిదై చనిపోయింది. తావూజీ అంతకు ముందే పోయారు.

మొన్న మా అమ్మాయిని తీసుకుని అటు వెళ్లాను. అక్కడిప్పుడు పదిహేను అంతస్తుల టవర్లు. గేటు దగ్గర గార్డు రిజిస్టరు తెరిచి, ఎవరిని కలవాలని అడిగాడు. నాకు తెలిసిన రెండు పేర్లూ, తావూజీదీ భూరీదీ, అందులో రాసేవి కావు. ఎవర్నీ కాదు భయ్యా అని చెప్పి, కారు వెనక్కి తిప్పాను.